లంగరు మీద ఏడాది బతకడం: నిద్ర, పక్క పడవలు, ఒంటరితనం

మీ ప్రశ్న ఇది కదా: 32 అడుగుల పడవ కొన్నారు, తీరం వెంబడి నడపడం ఇద్దరికీ వచ్చు, వచ్చే ఏడాదంతా మెరీనాలో (పడవలు కట్టుకునే రేవులో) అద్దె కట్టకుండా లంగరు మీదే ఉండాలనుకుంటున్నారు. రాత్రిపూట గాలి లేస్తే నిద్ర పడుతుందా, పక్క పడవల వాళ్లతో ఎలా మసలుకోవాలి, నెలల తరబడి ఇద్దరే ఉంటే ఒంటరిగా అనిపిస్తుందా అని అడిగారు. ఈ మూడూ నాకు వేర్వేరు ప్రశ్నల్లా కనబడవు. లంగరు జాగ్రత్తగా వేసేవాళ్లకి నిద్ర పడుతుంది, వాళ్ల పక్కన ఉన్నవాళ్లకీ పడుతుంది, అందుకే వాళ్లతో స్నేహానికి అందరూ ముందుకొస్తారు. కొత్త పడవ ఒకటి లోపలికి వస్తుంటే అప్పటికే అక్కడున్న వాళ్లంతా డెక్ మీదకొచ్చి చూస్తారు, గమనించే ఉంటారు. పడవ ఖరీదు ఎవరికీ పట్టదు. వీళ్లు ఎక్కడ లంగరు వేస్తారు, ఎంత గొలుసు వదులుతారు, అర్ధరాత్రి జారి మన మీదకు వస్తారా అన్నదే వాళ్ల బెంగ.

కాబట్టి ముందు లంగరు సంగతి కాస్త పెద్దగానే చెబుతాను.

క్రూయిజింగ్ (పడవలోనే ఉంటూ చోటు నుంచి చోటుకి తిరగడం) అనగానే తెరచాపలు విప్పుకుని సాగిపోవడమే గుర్తొస్తుంది గానీ, చాలామందికి నెలలో ఎక్కువ రోజులు పడవ ఒకేచోట ఆగి ఉంటుంది. అయినా డబ్బంతా చాపలకీ ఎలక్ట్రానిక్స్‌కీ పెట్టేసి, పడవతో పాటు వచ్చిన పాత లంగరుతోనే బయల్దేరతారు. మీరలా చేయకండి. పాత పడవల్లో తరచూ కనిపించేది సీక్యూఆర్. 1933లో జెఫ్రీ టేలర్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త, నీటి మీద వాలే విమానాల కోసం రూపొందించిన లంగరు అది. దశాబ్దాల పాటు ఎందరినో కాపాడింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ గట్టి ఇసుకలో అది ఒక్కోసారి పక్కకు ఒరిగి నేలను దున్నుకుంటూ పోతుంది తప్ప లోపలికి దిగదు. రోక్నా, స్పేడ్, మాంటస్ లాంటి తర్వాతి తరం లంగర్లు త్వరగా దిగుతాయి, గాలి దిశ మారి పడవ అటు తిరిగినా మళ్లీ పట్టుకుంటాయి. మీ పడవ పొడవుకి కంపెనీ పట్టిక 15 కిలోలు చాలు అంటే 20 కిలోలది కొనండి. ఆ తేడా మీకు గుర్తొచ్చేది ఏడాదిలో నాలుగైదు రాత్రులే కావచ్చు, కానీ ఆ రాత్రుల కోసమే అది కొనేది.

గొలుసు 8 మిల్లీమీటర్లది, కనీసం 50 మీటర్లు ఉండాలి. మీటరుకి దాదాపు 1.4 కిలోల బరువు, అంటే 50 మీటర్లకి 70 కిలోలు. చిన్న పడవ ముందుభాగంలో అంత బరువు మోయడం ఇష్టం లేకపోతే 30 మీటర్ల గొలుసుకి నైలాన్ తాడు కలపండి, అది కూడా బాగానే పనిచేస్తుంది, కాకపోతే రాళ్లూ పగడపు దిబ్బలూ ఉన్నచోట తాడు ఒరుసుకుని తెగే ప్రమాదం ఉంది.

ఇక ఎంత వదలాలి? పూర్తి గొలుసైతే లోతుకి 5 రెట్లు, తాడు కలిస్తే 7 రెట్లు అని అందరికీ తెలుసు. ఎక్కువమంది పొరబడేది "లోతు" దగ్గర. లోతు కొలిచే పరికరం 5 మీటర్లు చూపిస్తే 25 మీటర్లు వదిలి పడుకుంటారు. గొలుసు వేలాడేది పడవ ముక్కు నుంచి కదా, నీటి నుంచి అది 1 మీటరు ఎత్తు. ఆటులో వేశారు, పోటుకి ఇంకో 2 మీటర్లు పెరుగుతుంది. మొత్తం 8. దానికి 5 రెట్లంటే 40 మీటర్లు. 25 మీటర్లు వేసినవాళ్లు అర్ధరాత్రి పోటు వేళకి 3 రెట్ల మీద వేలాడుతుంటారు, సరిగ్గా అప్పుడే గాలి లేస్తే లంగరు జారుతుంది, తెల్లారాక "లంగరు మంచిది కాదు" అని తిడతారు.

ఈ లెక్క వెనక కారణం తెలిస్తే మర్చిపోరు. లంగరు నేలను పట్టుకునేది లాగుడు అడ్డంగా ఉన్నంతసేపే. లాగుడు పైకి మళ్లేకొద్దీ అది ఊడొస్తుంది. మామూలు గాలికి గొలుసు బరువుకే కుంగి నేలమీద పడుకుంటుంది, అందుకే 15 నాట్ల (గంటకి దాదాపు 28 కిలోమీటర్ల) గాలిలో ఎవరు ఎంత వేసినా ఏమీ కాదు, అందరూ నిపుణుల్లాగే కనిపిస్తారు. గాలి బలం మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 15 నాట్లు 30 అయితే పడవ మీద తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. అప్పుడు గొలుసు మొత్తం లేచి బిగుసుకుంటుంది, దాని బరువు ఇక ఏ ఉపకారమూ చేయదు, అలకి పడవ లేచినప్పుడల్లా కుదుపు నేరుగా లంగరుకీ విండ్లాస్‌కీ (గొలుసు చుట్టే యంత్రానికీ) తగులుతుంది. అందుకని ఎప్పుడూ, గాలి లేని సాయంత్రం కూడా, స్నబ్బర్ కట్టండి: 8 నుంచి 10 మీటర్ల నైలాన్ తాడు, ఒక కొస గొలుసుకి కొక్కెంతో, రెండో కొస డెక్ మీద గట్టి క్లీట్‌కి (తాడు కట్టే కొమ్ముకి). నైలాన్ సాగి కుదుపుని మింగేస్తుంది. పైగా గొలుసు రాపిడి చప్పుడు పడక దగ్గరికి రాదు, ఇది ఒక్కటే చాలు నిద్ర పట్టడానికి.

వేసే పద్ధతి: చోటు ఎంచుకున్నాక ఒకసారి చుట్టూ నెమ్మదిగా తిరిగి లోతులు చూడండి. గాలికి ఎదురుగా వచ్చి పడవ పూర్తిగా ఆగాక లంగరు దించండి, విసరొద్దు, గొలుసంతా ఒక్కసారి కుప్పగా వదలొద్దు. గాలి పడవని వెనక్కి నెడుతుంటే దాంతో పాటు గొలుసు వదులుతూ పోండి. మొత్తం వేశాక కాసేపు ఆగి, ఇంజిన్ రివర్స్‌లో మొదట నెమ్మదిగా, తర్వాత గట్టిగా పెంచి అర నిమిషం లాగండి. ఆ సమయంలో ఒడ్డున ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు, ఓ చెట్టూ దాని వెనక కొండ అంచూ లాంటివి, చూస్తూ ఉండండి. రెండూ ఒకే వరసలో నిలబడితే లంగరు పట్టినట్టు. వరస తప్పుతూ ఉంటే జారుతున్నట్టే, సిగ్గుపడకుండా ఎత్తి మళ్లీ వేయండి. మూడు సార్లు ఎత్తి వేసినవాళ్లని చూసి ఎవరూ నవ్వరు, నిజానికి ఆ పడవ పక్కన నేను మరింత ధీమాగా పడుకుంటాను. నీళ్లు తేటగా ఉంటే మాస్కు పెట్టుకుని ఈది వెళ్లి కళ్లతో చూసి రండి. అంతా అయ్యాక కూడా అరగంట పడవ మీదే ఉండి, ఆ తర్వాతే ఒడ్డుకి వెళ్లండి.

నేల ఎలాంటిదో కూడా చూడాలి. ఇసుక అన్నిటికన్నా మేలు, ఒండ్రు మట్టి కూడా మంచిదే, కాకపోతే లంగరు అందులో కూరుకునేందుకు కాసేపు టైం ఇవ్వాలి. నాచు దట్టంగా ఉన్నచోట లంగరు దుబ్బుల్లో ఇరుక్కుని పట్టినట్టు నటిస్తుంది, రివర్స్‌లో గట్టిగా లాగితేనే నిజం తెలుస్తుంది. పగడాల మీద వేయనే వేయకండి, గాలికి పడవ తిరిగినంత మేరా గొలుసు వాటిని నలగ్గొడుతుంది, మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. మధ్యధరాలో పొసిడోనియా అనే సముద్రగడ్డికీ ఇదే వర్తిస్తుంది. స్పెయిన్ బలియారిక్ దీవుల్లో 2018 నుంచి దాని మీద లంగరు వేయడం నిషేధం, పడవ చిన్నదైనా సరే. చుట్టూ ఇసుక మచ్చ కనబడేదాకా వెతకండి, దొరుకుతుంది.

పక్క పడవలతో గొడవలొచ్చేది దూరం దగ్గర. ముందు వచ్చిన పడవదే హక్కు. తర్వాత వచ్చినవాళ్లు దాని తిరుగుడుకి అడ్డం రాకుండా వేసుకోవాలి, దగ్గరైపోతే తర్వాత వచ్చినవాళ్లే ఎత్తుకుని జరగాలి. ఇందులో వాదన లేదు. కానీ అన్ని పడవలూ ఒకేలా తిరగవు. గొలుసు మీద ఉన్నది తక్కువ తిరుగుతుంది, తాడు మీద ఉన్నది విశాలంగా తిరుగుతుంది. లోతైన కీల్ (అడుగున నీళ్లలోకి దిగే రెక్క) ఉన్న పడవ నీటి ప్రవాహం మాట వింటుంది, తేలికైన కాటమరాన్ (రెండు పడవలు జోడించినట్టుండేది) గాలి మాట వింటుంది, అందుకని గాలీ ఆటుపోట్లూ ఎదురెదురుగా ఉన్న చోట్ల సాయంత్రం వంద అడుగుల దూరంలో ఉన్న రెండు పడవలు తెల్లవారుజామున తగులుకోవచ్చు. లోపలికి వస్తూనే దగ్గరి పడవలో మనిషి కనబడితే చెయ్యి ఊపి, "ఎంత గొలుసు వేశారండీ, మీ లంగరు ఎటువైపు ఉంది?" అని అడగండి. దీనికన్నా మంచి పరిచయ వాక్యం లంగరు చోట్లలో ఇంకోటి లేదు. అలాగే మీకు మరీ దగ్గరగా ఎవరైనా వేస్తే అరవకండి. "నేను 40 మీటర్లు వేశాను, రాత్రి గాలి తిరుగుతుందట, మీ మీదకి వస్తానేమో" అని చెబితే చాలామంది తమంతట తామే జరుగుతారు. జరగకపోతే మీరే జరగండి. హక్కు మీదే అయినా నిద్ర కూడా మీదే కదా.

రాత్రి లంగరు దీపం వేయడం మర్యాద కోసం కాదు, అది నియమం. 1972 నాటి అంతర్జాతీయ నౌకా నియమాల ప్రకారం మీ సైజు పడవ చుట్టూ కనబడే తెల్లదీపం ఒకటి చూపాలి, పగలు ముందుభాగంలో నల్ల బంతి గుర్తు వేలాడదీయాలి. తెరచాప స్తంభం కొసన ఉన్న దీపం దూరపు ఓడలకి కనబడుతుంది గానీ, రాత్రి డింగీలో (ఒడ్డుకి వెళ్లొచ్చే చిన్న పడవలో) వేగంగా వచ్చేవాడు అంత ఎత్తున చూడడు, అతనికి నక్షత్రాల్లో కలిసిపోతుంది. అందుకని కాక్‌పిట్ (చుక్కాని దగ్గర కూర్చునే చోటు) ఎత్తులో ఇంకో చిన్న దీపం కూడా పెట్టండి.

పడవ మీరు పెట్టిన వలయం దాటితే మోగే యాంకర్ అలారం యాప్ ఫోన్లో తప్పనిసరి. అయితే దాని కేంద్రం లంగరు పడిన చోట పెట్టాలి, పడవ ఉన్న చోట పెడితే గాలి తిరిగినప్పుడల్లా అనవసరంగా మోగి, విసిగిపోయి మూడో రాత్రి దాన్ని ఆపేస్తారు. పడుకునే ముందు లోతూ, దిక్సూచిలో ఒడ్డు దీపాల దిశా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, రాత్రి రెండు గంటలకి లేచి చూసినప్పుడు పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. టార్చి, ఇంజిన్ తాళం, హెడ్‌ల్యాంప్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి. లంగరు జారుతుందని తెలిస్తే మొదటి పని ఇంజిన్ వేయడం. వెనక చోటుంటే ఇంకో 10, 15 మీటర్ల గొలుసు వదలండి, చాలాసార్లు అదే సరిపోతుంది. వెనక పడవలుంటే ఎత్తేసి బయటికి పోయి మళ్లీ వేయడమే. ఇంకొకరి పడవ జారుతూ మీ మీదకి వస్తుంటే టార్చి వాళ్ల కిటికీల్లోకి కొట్టండి, హారన్ గబగబా ఐదుసార్లు ఊదండి, వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్లో వాళ్ల పడవ పేరుతో పిలవండి, ఫెండర్లు (దెబ్బ తగలకుండా పడవ పక్కన కట్టే దిండ్లు) వేలాడదీయండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: రెండు పడవల మధ్య చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి. ఫైబర్ గ్లాస్ బాగుచేసుకోవచ్చు.

లంగరు ఎంత మంచిదైనా చోటు తప్పైతే ఏమీ చేయలేదు. 1982 డిసెంబర్‌లో మెక్సికోలోని కాబో శాన్ లూకాస్‌లో జరిగింది దీనికి ఉదాహరణ. తీరం ముందు తెరిచి ఉన్న బయట జాగాలో, ఒడ్డుకి దగ్గరగా, పడవలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉన్నాయి. మామూలుగా గాలి నేల వైపు నుంచి వీస్తుంది కాబట్టి అందరూ నిశ్చింతగా ఉన్నారు. తుఫానుకి గాలి తిరిగి సముద్రం వైపు నుంచి వీచింది, అలలు ఒడ్డు వైపు లేచాయి, ఒక పడవ జారి ఇంకోదాని గొలుసు మీద పడి దాన్నీ లాక్కుపోయింది. తెల్లారేసరికి ఇరవైకి పైగా పడవలు ఇసుక మీద ఉన్నాయి. అందులో బెర్నార్ మోయితెస్సియే పడవ జాషువా కూడా ఉంది. 1968-69లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టూ ఒకటిన్నర రెట్లు తిరిగిన మనిషి ఆయన. దక్షిణ సముద్రాలు ఏమీ చేయలేని పడవని ఒక లంగరు చోటు తీసేసుకుంది. ఆ రాత్రి గురించి చదివినప్పుడల్లా నాకనిపించేది ఒకటే, అక్కడున్న వాళ్లలో చాలామంది పక్కవాళ్లని చూసి ఆగిపోయి ఉంటారు. "ఇంతమంది ఉన్నారు, అనుభవం ఉన్నవాళ్లూ ఉన్నారు, ఏమీ కాదులే" అన్న ఆలోచన లంగరు మీద బతికేవాళ్లకి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. గాలి తిరుగుతుందని సూచన రాగానే, వెలుతురు ఉండగానే, మీరొక్కరే అయినా సరే, లేచి పోండి. సాయంత్రం నాలుగింటికి జరగడం పని. అర్ధరాత్రి రెండింటికి జరగడం టెన్షన్.

సీజన్ల సంగతి కూడా ఇదే కోవలోకి వస్తుంది. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30, దక్షిణ పసిఫిక్‌లో తుఫానులు నవంబర్ నుంచి ఏప్రిల్. కరీబియన్‌లో ఉండేవాళ్లు హరికేన్ల నెలల్లో దక్షిణంగా గ్రెనడా వైపు దిగుతారు, అక్కడికి హరికేన్లు రావడం అరుదని. అరుదే, కానీ 2004లో ఐవాన్ హరికేన్ గ్రెనడాని తుడిచిపెట్టింది, 2024 జులై 1న బెరిల్ పక్కనున్న కరియాకూ దీవిని ఊడ్చేసింది. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఏ అక్షాంశం దాటకూడదని రాసిందో బయల్దేరే ముందే చదువుకోండి.

ఇప్పుడు మనుషుల సంగతి. మీ భయానికి భిన్నంగా, క్రూయిజర్లు ఎక్కువగా ఉండే చోట్ల ఒంటరితనం కన్నా తీరిక లేకపోవడమే సమస్య అవుతుంది. బహామాస్‌లోని జార్జ్‌టౌన్‌లో చలికాలం వందల పడవలు చేరతాయి. అక్కడా, మెక్సికోలోని లా పాజ్‌లో, గ్రెనడాలో, ఇంకా చాలా చోట్ల దాదాపు ప్రతి ఉదయం వీహెచ్ఎఫ్‌లో "నెట్" నడుస్తుంది. రోజుకొకరు స్వచ్ఛందంగా నడుపుతారు. మొదట అత్యవసరం ఏమైనా ఉందా అని అడుగుతారు, తర్వాత వాతావరణం, కొత్తగా వచ్చినవాళ్లు, ఈ రోజు వెళ్లిపోతున్నవాళ్లు, సాయం కావాల్సినవాళ్లు, వాడని సామాను ఇచ్చిపుచ్చుకోవడం, చివర్లో సాయంత్రం ఎక్కడ కలుస్తున్నారు. మెక్సికోలో తాత్కాలికంగా తెచ్చుకున్న పరాయి దేశపు సామాను అమ్మకూడదు కాబట్టి నెట్‌లో ధరలు డబ్బుల్లో కాకుండా "కొబ్బరికాయల్లో" చెప్పుకోవడం అలవాటు. వచ్చిన మర్నాడే మీ పడవ పేరు చెప్పండి, ఒక్క వాక్యం చాలు. రెండో వారంలో నెట్ నడపడానికి మీరే ముందుకు రండి, రేడియోలో మాట్లాడాలంటే బెరుకున్నా సరే, ఆ ఒక్క ఉదయంతో అందరి పేర్లూ మీకు, మీ పేరు అందరికీ తెలుస్తాయి. పేర్లంటే పడవల పేర్లే. ఇంటిపేర్లు ఎవరికీ తెలియవు, అవతలివాళ్లు ఉద్యోగంలో ఏం చేసేవాళ్లో ఏడాది తర్వాత తెలుస్తుంది, అప్పటికి దాంతో పనేమీ ఉండదు.

సాయం ఇక్కడ ఎలా తిరుగుతుందో చూడాలంటే పనామా కాలువ దగ్గర చూడండి. చిన్న పడవ కాలువ దాటాలంటే నడిపేవాళ్లు కాక తాళ్లు పట్టడానికి ఇంకో నలుగురు ఉండాలి, 125 అడుగుల తాళ్లు నాలుగు ఉండాలి. ఇద్దరున్న పడవకి అంతమంది ఎక్కడ దొరుకుతారు? పక్క పడవల వాళ్లే వస్తారు. ఈ వారం మీరు వాళ్లకి తాడు పట్టి లాకుల్లో అన్నీ చూసి నేర్చుకుంటారు, వచ్చే వారం వాళ్లు మీకు పడతారు. డబ్బు కట్టి మనుషుల్ని పెట్టుకోవచ్చు కూడా, కానీ మీరు ముందు ఇంకొకరి పడవలో వెళ్లి రండి, మీ పడవతో దాటే రోజు భయం సగం తగ్గుతుంది.

మామూలు చోట్ల కూడా ఒకరికి డీజిల్ ఇంజిన్ వచ్చు, ఒకరికి చాప కుట్టడం వచ్చు, ఒకరు నర్సుగా చేసి ఉంటారు. మీకేది వచ్చో అది చెప్పుకోండి, అడిగితే వెళ్లండి. అయితే కొన్ని పద్ధతులు ఉన్నాయి. సామాను ఖర్చు సాయం అడిగినవాళ్లదే. అరువు తెచ్చుకున్న పనిముట్టు పని అయిన రోజే, తుడిచి, తిరిగిచ్చేయాలి, ఎందుకంటే రేపు పొద్దున గాలి అనుకూలిస్తే వాళ్లు వెళ్లిపోవచ్చు. ఇంకొకరి స్పేర్ పార్టు వాడుకుంటే అది వాళ్లకి నడిసముద్రంలో అవసరం పడొచ్చని గుర్తుపెట్టుకుని, కొత్తది తెప్పించి ఇచ్చే పూచీ మీదే.

డింగీ మర్యాదలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ మనుషులు మనసులో పెట్టుకునేవి ఇవే. పడవల మధ్య నెమ్మదిగా నడపండి, మీ అల వల్ల లోపల ఎవరి పొయ్యి మీది గిన్నో ఒలుకుతుంది, నీళ్లలో ఈదేవాళ్లు కూడా ఉంటారు. కిల్ కార్డ్ (మనిషి పడిపోతే ఇంజిన్‌ని ఆపే తాడు) ఎప్పుడూ మణికట్టుకి కట్టుకోండి, మనిషి పడిపోయాక గిరగిరా తిరిగే డింగీ ప్రొపెల్లర్ ఘోరాలు చేస్తుంది. ఎవరి పడవకైనా వెళ్తే కాస్త ఎడంగా ఆగి పడవ పేరుతో పిలవండి, పిలవకుండా రెయిలింగ్ పట్టుకోకండి. బదులు రాకపోతే వెళ్లిపోండి, లోపల పడుకుని ఉండొచ్చు, పోట్లాడుకుంటూ ఉండొచ్చు, ఏకాంతం కావాలనుకుంటూ ఉండొచ్చు. రమ్మంటేనే ఎక్కడం, చెప్పులు డింగీలోనే వదలడం. ఒడ్డున డింగీలు కట్టే చోట తాడు పొడవుగా వదలండి, వెనకొచ్చేవాళ్లు దూరడానికి వీలుగా. ఇంజిన్ పైకి ఎత్తి వదలకండి, దాని ప్రొపెల్లర్ ఇంకొకరి గాలి నింపిన డింగీని చీల్చేస్తుంది. చీకటి పడ్డాక డింగీని నీళ్లలోంచి పైకి ఎత్తి తాళం వేయండి. దొంగలకి తేలిగ్గా దొరికేవి నీళ్లలో తాడుతో వదిలేసిన డింగీలే. జనరేటర్ పొద్దుపోయాక నడపకండి, స్తంభానికి తాళ్లు టకటకా కొట్టుకుంటుంటే లాగి కట్టండి, మీకు అలవాటై వినబడకపోవచ్చు, పక్కవాళ్లకి రాత్రంతా అదే.

ఒడ్డున బతికేవాళ్లని మర్చిపోవద్దు. మనం వారం ఉండి పోయే చోటు వాళ్లకి పని చేసుకునే చోటు. చేపల పడవలు వచ్చిపోయే దారిలో, వలలు వేసే చోట లంగరు వేయకండి, తెలియకపోతే అడగండి. ఎక్కడ నేల మంచిదో, ఏ గాలికి ఆ జాగా పనికిరాదో చార్టు కన్నా వాళ్లకే బాగా తెలుసు. క్రూయిజర్లు గుంపుగా తమలో తామే తిరుగుతూ, ఆ ఊరివాళ్లతో మాట్లాడకుండానే నెలలు గడిపేయడం చాలాచోట్ల చూశాను, బాధగా ఉంటుంది.

ఒంటరితనం గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. మనుషులు దొరకరని కాదు, దొరికిన మనుషులు వెళ్లిపోతారని. మూడు వారాలు రోజూ కలిసినవాళ్లు ఒక ఉదయం వాతావరణం కుదిరిందని లంగరు ఎత్తేస్తారు. కొందరు వేరే సముద్రంలో మళ్లీ కలుస్తారు, చాలామంది కలవరు. దీనికి అలవాటు పడటానికి నాకు సమయం పట్టింది, ఇప్పటికీ పూర్తిగా పడలేదు. దాంతో కొందరు ఇంకో పడవతో జతకట్టి ప్రతిచోటికీ కలిసే తిరుగుతారు. బాగుంటుంది, కానీ ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయం మీ పడవకి మీరే తీసుకోండి. వాళ్ల పడవ 45 అడుగులది కావచ్చు, వాళ్లకి 25 నాట్లు హాయి, మీకు నరకం. "మేం రేపు ఆగుతాం, మీరు వెళ్లండి" అని చెప్పగలిగిన స్నేహాలే నిలుస్తాయి. ఇంకోటి, ఇప్పుడు చాలా పడవల్లో స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చేసింది, వాతావరణం చూసుకోవడానికి గొప్ప వరం. కానీ సాయంత్రాలు ఎవరి కేబిన్‌లో వాళ్లు తెర చూస్తూ ఉండిపోవడం పెరిగింది, కొన్నిచోట్ల ఉదయం నెట్‌లు పలచబడ్డాయి. మీరు ఫోన్ పక్కన పెట్టి డింగీ దించితే రెండు మూడు పడవల వాళ్లు మీకోసమే ఎదురు చూస్తున్నట్టు వచ్చేస్తారు.

మీ ఇద్దరి మధ్య సంగతి: 32 అడుగుల్లో కోపం దాచుకోవడానికి చోటు ఉండదు. వారంలో ఒక పూట ఒకరు ఒడ్డుకి వెళ్లి, ఇంకొకరికి పడవ వదిలేయండి. లంగరు వేసేటప్పుడు ఒకరు ముందు, ఒకరు చుక్కాని దగ్గర ఉంటారు, ఇంజిన్ హోరులో అరిస్తే పోట్లాటలా వినబడుతుంది, నిజంగానే పోట్లాట అవుతుంది. ముందుకు, వెనక్కి, ఆపు, పట్టింది అన్న నాలుగు చేతి సైగలు ఇంటి దగ్గరే అనుకోండి. నెలకోసారి స్థానాలు మార్చుకోండి. ఒకరికి జ్వరం వస్తే రెండోవాళ్లు ఒంటరిగా లంగరు ఎత్తి పడవని భద్రమైన చోటికి తీసుకెళ్లగలగాలి, ఇందులో రాజీ వద్దు. నీళ్లు మనిషికి రోజుకి 5 నుంచి 10 లీటర్లలో సరిపెట్టుకోవచ్చు, గిన్నెలు ఉప్పునీళ్లతో కడిగి చివర్లో మంచినీళ్లు తిప్పితే చాలు. చిన్న ఫ్రిజ్ రోజుకి 40 నుంచి 60 ఆంపియర్ అవర్లు తింటుంది, 12 వోల్టుల మీద, దాన్ని బట్టి సోలార్ లెక్క వేసుకోండి.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. దగ్గర్లో ఎక్కడైనా, సూచనలో 20, 25 నాట్ల గాలి ఉన్న రెండు రోజులు చూసుకుని, ఒడ్డు దూరంగా ఉండి నేల ఇసుక ఉన్న చోట లంగరు వేసి, ఆ రెండు రోజులూ పడవ మీదే ఉండండి. చప్పుళ్లు ఏవి మామూలో, ఏవి కాదో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత మీ పడవ బరువు, ఇప్పుడున్న లంగరు రకం, గొలుసు మందం, పొడవు ఇక్కడ రాయండి. కొనాల్సింది ఏదో, ఉన్నదాంతో సరిపెట్టుకోవచ్చో చూసి చెబుతాను.